కళ్లం నుంచి కంప్రెసర్ దాకా: శీతల గిడ్డంగుల్లో యంత్ర సంరక్షణ ఆవశ్యకత

ఏటా ఫిబ్రవరి మొదలుకొని మే వరకు గుంటూరు మిర్చి యార్డుకు సరుకు వెల్లువలా వస్తుంది. ఆనాటి ధర గిట్టుబాటు కాదని రైతు భావించిన సరుకు, వ్యాపారి కొని నిల్వ చేయదలచిన సరుకు అక్కడి నుంచి శీతల గిడ్డంగులకు తరలుతాయి. ఆ ప్రాంత రైతులు వీటిని ‘ఏసీలు’ అని పిలుస్తారు. ఏసీలో పెట్టిన టిక్కీలకు ఇచ్చే రసీదును ‘బాండు’ అంటారు. ఆ బాండును తాకట్టు పెట్టి రైతు అప్పు తెచ్చుకుంటాడు, తర్వాతి ఖరీఫ్‌కు విత్తనం, ఎరువు సమకూర్చుకుంటాడు. ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చి రైతులకు కూడా శీతల గిడ్డంగి ఇదే విధంగా ధర కోసం వేచి చూసే వెసులుబాటును కల్పిస్తోంది.

బాండు మీద టిక్కీల సంఖ్య ఉంటుంది, తూకం ఉంటుంది, అద్దె ఉంటుంది. ఆ సరుకు రంగును, ఘాటును, తద్వారా ధరను ఎనిమిది తొమ్మిది నెలలపాటు కాపాడవలసిన యంత్రం ఏ స్థితిలో ఉందో తెలిపే అక్షరం మాత్రం ఒక్కటీ ఉండదు. ఆ యంత్రమే కంప్రెసర్.

విత్తన రకాలు, ఎరువుల మోతాదులు, తెగుళ్ల నివారణ, కోత అనంతరం ఎండబెట్టే విధానాలపై వ్యవసాయ విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా విలువైన సిఫారసులు అందించాయి. సరుకు గిడ్డంగి గడప దాటగానే ఆ శ్రద్ధ ఆగిపోతోంది. కంప్రెసర్ సంగతి మెకానిక్‌కు సంబంధించిన విషయమని, వ్యవసాయ శాస్త్రానికి దానితో పని లేదని ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ అభిప్రాయం సరైనది కాదు. కంప్రెసర్ దెబ్బతినడానికి గల కారణాలలో గణనీయమైన భాగం ఆ యంత్రానికి బయటే ఉంటాయి. వాటిలో మొదటిది రైతు కళ్లంలోనే పుడుతుంది. కాబట్టి కంప్రెసర్ సంరక్షణను కోత అనంతర శాస్త్రంలో అంతర్భాగంగా గుర్తించి, బోధించి, తనిఖీ చేయవలసిన అవసరం ఉంది.

కంప్రెసర్ చేసే పని

అధిక శాతం మిర్చి గిడ్డంగుల్లో శీతలీకరణకు అమ్మోనియాను వాడుతున్నారు. వాతావరణ పీడనం వద్ద మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కే మరిగే ఈ పదార్థం గది లోపలి గొట్టాలలో ఆవిరి అవుతూ వేడిని గ్రహిస్తుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చుకొని, అధిక పీడనానికి నొక్కి, కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ నీటి సాయంతో వేడిని వదిలి అమ్మోనియా తిరిగి ద్రవమవుతుంది. ఓజోన్ పొరకు హాని చేయకపోవడం, భూతాపాన్ని పెంచకపోవడం, తక్కువ ధరకు దొరకడం దీని సుగుణాలు. విషపూరితం కావడం, పీడనం పెరిగిన కొద్దీ విపరీతంగా వేడెక్కడం దీని దోషాలు.

ఇందులో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. కంప్రెసర్ ఆవిరిని నొక్కడానికి మాత్రమే నిర్మితమైంది. ఆవిరి నొక్కుకుపోతుంది, ద్రవం నొక్కుకుపోదు. సిలిండర్‌లోకి ద్రవం చేరిన క్షణంలో పిస్టన్ రాతిని ఢీకొన్నట్లే అవుతుంది. వాల్వు పలకలు పగులుతాయి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, కొన్ని సందర్భాలలో సిలిండర్ తలమే దెబ్బతింటుంది. పిస్టన్ తరహా కంప్రెసర్లలో సిలిండర్ పైభాగాన స్ప్రింగుతో అమర్చే రక్షణ ఏర్పాటు కొద్దిపాటి ద్రవాన్ని తట్టుకోగలదే తప్ప పదేపదే వచ్చే ద్రవాన్ని తట్టుకోలేదు. తల భాగంలో టకటక శబ్దం రావడం, సిలిండర్ దగ్గరి చూషణ గొట్టంపై, క్రాంక్ కేస్‌పై మంచు పేరుకోవడం దీని తొలి లక్షణాలు. ‘మంచు పడుతోందంటే యంత్రం బాగా చల్లబరుస్తోంది’ అని సంతోషించే ఆపరేటర్లు నేటికీ ఉన్నారు. కంప్రెసర్ ఒంటిమీద మంచు ఆరోగ్య చిహ్నం కాదు. దానిని రోగ లక్షణంగా చూడాలి.

కళ్లంలో మిగిలిన తేమ

కంప్రెసర్‌లోకి ద్రవం ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నకు సమాధానం వెదికితే దారి గది లోపలికి, అక్కడి నుంచి కళ్లానికి తీస్తుంది.

ఎండు మిర్చిని 10 నుంచి 11 శాతం తేమతో నిల్వ చేయాలన్నది అందరికీ తెలిసిన సిఫారసు. ఆచరణలో ధర తగ్గుతుందన్న భయంతోనో, వర్షం వస్తుందన్న తొందరతోనో, తూకం కోసం కాయలపై నీరు చల్లే అలవాటు వల్లనో అంతకంటే ఎక్కువ తేమతో సరుకు గిడ్డంగికి చేరుతోంది. ఈ అదనపు తేమ కాయకు బూజు తెస్తుందని రైతులకు చెప్పడం జరుగుతోంది. అది యంత్రానికి ఏమి చేస్తుందో ఎవరూ చెప్పడం లేదు.

100 టన్నుల మిర్చి నుంచి ఒక్క శాతం తేమ బయటకు వచ్చినా అది 1,000 కిలోల నీరు. సున్నా డిగ్రీలకు దిగువన ఉన్న శీతల గొట్టాలను తాకగానే ఈ నీటిలో అధిక భాగం మంచుగా గడ్డకడుతుంది. మంచు వేడిని సరిగా ప్రసరింపనివ్వదు. గొట్టాల మీద దాని మందం పెరిగిన కొద్దీ గది గాలిలోని వేడి లోపలి అమ్మోనియాకు అందదు. వేడి అందనప్పుడు ద్రవం పూర్తిగా ఆవిరి కాదు. ఆవిరి కాని ద్రవం చూషణ గొట్టం వెంట కంప్రెసర్ వైపు ప్రయాణిస్తుంది. మధ్యలో దానిని నిలువరించవలసిన అక్యుమ్యులేటర్ చిన్నదైనా, దాని మట్టం నియంత్రించే ఫ్లోట్ చెడినా ఇక అడ్డు లేదు.

మరొక దుష్ఫలితం కూడా ఉంది. గది చల్లబడడం లేదని గమనించిన ఆపరేటర్ విస్తరణ వాల్వును మరికాస్త తెరుస్తాడు. అప్పటికే ఆవిరి కాలేక మిగిలిన ద్రవానికి ఇంకొంత ద్రవం తోడవుతుంది. చేయవలసిన పని గొట్టాలపై మంచును కరిగించడం. చేసిన పని కంప్రెసర్‌కు ముప్పును దగ్గర చేయడం. మంచు కరిగించిన వెంటనే చూషణ వాల్వును ఒక్కసారిగా తెరవడం కూడా ఇంతే ప్రమాదకరం. గొట్టాలలో నిలిచిన ద్రవం ఒక్క ఉదుటున యంత్రంలోకి దూకుతుంది. వాల్వును కొద్దికొద్దిగా తెరుస్తూ, పీడన మాపకాన్ని, యంత్ర శబ్దాన్ని గమనిస్తూ ముందుకు సాగడం నేర్చుకోవలసిన నైపుణ్యం.

సరుకు నింపే వేగం కూడా ఇదే కోవకు చెందుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డు నుంచి వచ్చే టిక్కీలు బయటి ఎండ వేడిమితోనే గదుల్లోకి వెళతాయి. ఒకే రోజున తన సామర్థ్యానికి మించిన సరుకును చల్లబరచమని యంత్రాన్ని కోరడం, తలుపులు గంటల తరబడి తెరిచి ఉంచడం, గాలి తిరిగే సందులు మూసుకుపోయేలా పైకప్పు దాకా టిక్కీలు పేర్చడం ప్రతి సీజన్‌లో కనిపించే దృశ్యాలే. గిడ్డంగి మొత్తం నిల్వ సామర్థ్యం వేరు, రోజువారీ నింపుడు సామర్థ్యం వేరు. నిర్మాణ ప్రణాళికలో ఈ రెండు అంకెలూ ఉంటాయి. వ్యాపార ఒత్తిడిలో మొదటి అంకెను గుర్తుంచుకొని రెండవ అంకెను మరచిపోతున్నారు.

నీరు, గాలి, వేడి

కంప్రెసర్‌కు రెండవ ముప్పు కండెన్సర్ వైపు నుంచి వస్తుంది. గుంటూరు, ప్రకాశం, పల్నాడు జిల్లాల్లోని అనేక ప్రాంతాలలో బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఈ నీటిని శుద్ధి చేయకుండా కండెన్సర్‌పై పారించినప్పుడు గొట్టాల మీద సున్నపు పొర ఏర్పడుతుంది. వేడి బయటకు పోవడం కష్టమై పీడనం పెరుగుతుంది. కండెన్సర్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే విద్యుత్ వినియోగం సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుందన్నది శీతలీకరణ రంగంలో అందరూ అంగీకరించే లెక్క.

విద్యుత్ ఖర్చు కంటే తీవ్రమైన నష్టం యంత్రానికి జరుగుతుంది. గది గొట్టాలలో అమ్మోనియా మైనస్ 5 డిగ్రీల వద్ద ఆవిరి అవుతూ, కండెన్సర్‌లో 35 డిగ్రీల వద్ద ద్రవమవుతున్నప్పుడు పీడనాల నిష్పత్తి సుమారు 3.8 ఉంటుంది. గొట్టాలపై మంచు పేరుకొని లోపలి ఉష్ణోగ్రత మైనస్ 10కి పడిపోయి, సున్నపు పొర వల్ల కండెన్సర్ ఉష్ణోగ్రత 42కు చేరిందనుకుంటే ఆ నిష్పత్తి సుమారు 5.6 అవుతుంది. యంత్రం మారలేదు, చేయవలసిన పని మారలేదు. దాని మీద పడే భారం మాత్రం బాగా పెరిగింది. అమ్మోనియా స్వభావరీత్యా ఈ స్థితిలో బయటకు వచ్చే ఆవిరి వేడి 100 డిగ్రీలను సునాయాసంగా దాటుతుంది. దీర్ఘకాలం ఇలా నడిచిన యంత్రంలో నూనె మాడి, వాల్వు పలకల మీద మసిగా పేరుకుంటుంది. వాల్వు సరిగా మూసుకోక వేడి ఆవిరి వెనుకకు జారుతుంది, మరింత వేడెక్కుతుంది. సిలిండర్ తలలను చల్లబరిచే నీటి ప్రవాహం కూడా అదే సున్నంతో మూసుకుపోతే నష్టం రెట్టింపవుతుంది.

పీడనం పెరగడానికి వ్యవస్థలోకి చొరబడిన గాలి కూడా కారణం కావచ్చు. దీనిని గుర్తించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక థర్మామీటరు, ఒక పీడన మాపకం, ఒక పట్టిక చాలు. కండెన్సర్ నుంచి వెలువడే ద్రవం 40 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు మాపకం సుమారు 14.5 బార్ చూపాలి. 16 బార్ దాటి చూపుతూ ఉంటే ఆ అదనపు పీడనం సాధారణంగా గాలిది. సున్నపు పొర వల్ల పెరిగిన పీడనానికి ఆమ్లంతో కడగడం మందు, గాలి వల్ల పెరిగిన పీడనానికి గాలిని వెలికితీయడం మందు. ఈ రెంటిని వేరు చేసి చూడగలిగిన ఆపరేటర్ ఉన్న గిడ్డంగికి, లేని గిడ్డంగికి విద్యుత్ బిల్లులోనే తేడా తెలుస్తుంది.

నూనె లెక్క

కంప్రెసర్‌లో తిరిగే ప్రతి భాగానికి నూనె ప్రాణాధారం. నూనె పీడనం తయారీదారు సూచించిన స్థాయి కంటే పడిపోయినప్పుడు యంత్రాన్ని ఆపివేసే రక్షణ స్విచ్ ప్రతి యంత్రానికీ ఉంటుంది. అది పదేపదే యంత్రాన్ని ఆపుతోందన్న విసుగుతో ఆ స్విచ్‌నే తొలగించి, తీగలు నేరుగా కలిపి నడపడం అక్కడక్కడ జరుగుతున్న పని. జ్వరం చూపిస్తోందని థర్మామీటరును పారవేయడానికి దీనికి తేడా లేదు. పీడనం ఎందుకు పడుతోందో వెదకాలి. జల్లెడ మూసుకుపోయిందా, పంపు అరిగిందా, బేరింగులలో సందు పెరిగిందా, ఆగి ఉన్న వేళ క్రాంక్ కేస్‌లో ద్రవ అమ్మోనియా చేరి ప్రారంభంలో నూనె నురగ కడుతోందా అన్నవి వరుసగా పరిశీలించవలసిన ప్రశ్నలు.

అమ్మోనియా వ్యవస్థలో సాధారణ ఖనిజ నూనె ద్రవంలో దాదాపుగా కరగదు. అది ద్రవ అమ్మోనియా కంటే బరువైనది కూడా. కాబట్టి కంప్రెసర్ నుంచి ఆవిరితో పాటు కొట్టుకుపోయిన నూనె కండెన్సర్, రిసీవర్, శీతల గొట్టాల అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. గొట్టాల లోపల పేరుకున్న నూనె బయటి మంచులాగే వేడిని అడ్డుకుంటుంది. అందువల్ల ప్రతి గిడ్డంగిలో పోసిన నూనె లెక్కతో పాటు తీసిన నూనె లెక్క కూడా ఉండాలి. సీజన్ మొత్తంలో యంత్రానికి 60 లీటర్ల నూనె పోసి, వ్యవస్థ నుంచి 10 లీటర్లే తీసిన గిడ్డంగిలో మిగిలిన 50 లీటర్లలో అధిక భాగం ఎక్కడుందో ఊహించడం కష్టం కాదు.

నూనె తీయడం అమ్మోనియా గిడ్డంగుల్లో అత్యంత ప్రమాదకరమైన పనులలో ఒకటి. నూనె వెనుకే ద్రవ అమ్మోనియా ఎగజిమ్మే అవకాశం ఉంది. చేయి వదిలితే తనంతట తానే మూసుకునే స్ప్రింగు వాల్వు, ముఖ కవచం, చేతి తొడుగులు, పక్కన మరొక మనిషి, అందుబాటులో ధారాళమైన నీరు లేకుండా ఈ పని చేయించడం నేరంతో సమానం. గాలిలో 300 పీపీఎం అమ్మోనియా ఉంటే ఆ ప్రదేశం ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదకరమైనదిగా పరిగణిస్తారు. గాలిలో సుమారు 15 నుంచి 28 శాతం మేర చేరినప్పుడు నిప్పు అంటుకోగలదు కూడా. షాఫ్ట్ సీలు కారుతున్న కంప్రెసర్‌ను ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అని నడపడంలో సరుకుతో పాటు మనుషుల ప్రాణాలు కూడా పణంగా ఉంటున్నాయి.

విద్యుత్ మోటారు

కంప్రెసర్‌ను తిప్పే మోటారుకు గ్రామీణ విద్యుత్ సరఫరాలోని హెచ్చుతగ్గులు పెద్ద పరీక్ష. మూడు ఫేజుల మధ్య ఓల్టేజీ తేడా 3.5 శాతం ఉంటే మోటారు చుట్టల ఉష్ణోగ్రత పెరుగుదల సుమారు 25 శాతం అధికమవుతుంది. చుట్టల ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఇన్సులేషన్ ఆయుర్దాయం సగానికి తగ్గుతుందన్నది విద్యుత్ ఇంజనీరింగ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. ఫేజ్ వైఫల్య రక్షణ, సరైన అమరిక గల ఓవర్‌లోడ్ రిలే, విద్యుత్ పోయి వచ్చినప్పుడు కొంత విరామం తర్వాతే, అదీ భారం లేకుండా యంత్రాన్ని ప్రారంభించే ఏర్పాటు ఉండాలి. వీటి ఖరీదు మోటారును ఒకసారి తిరిగి చుట్టించే ఖర్చుతో పోల్చితే స్వల్పం. బెల్టుల బిగువు, పుల్లీల సరళరేఖ, పునాది బోల్టుల బిగింపు నెలకొకసారి చూసుకోవడానికి ఖర్చే లేదు.

యంత్రం ఆగితే సరుకుకు ఏమవుతుంది

మంచి ఇన్సులేషన్ ఉన్న గది ఒక్క రోజులో వేడెక్కదు. ఈ కారణంగానే యంత్రం రెండు మూడు రోజులు ఆగినా ‘ఏమీ కాలేదు’ అన్న భావన కలుగుతుంది. మిర్చి బంగాళాదుంప వలె కుళ్లి వాసన వేయదు. దాని నష్టం నెమ్మదిగా, కనబడకుండా జరుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగిన ప్రతి వారం కాయలోని ఎర్రని వర్ణ పదార్థాలు కొంత క్షీణిస్తాయి. జూలై, ఆగస్టు నెలల తేమ గాలి తలుపు సందుల నుంచి చొరబడి చల్లని టిక్కీల మీద నీటి బిందువులుగా మారుతుంది. ఆ తడిలో ఆస్పర్జిల్లస్ శిలీంధ్రం పెరిగి అఫ్లాటాక్సిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. ఐరోపా సమాఖ్య ఎండు మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, మొత్తం అఫ్లాటాక్సిన్లను 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. ఈ పరిమితి దాటిన సరుకు తిరస్కరణకు గురవుతుంది.

అక్టోబరులో టిక్కీ విప్పినప్పుడు రంగు తగ్గిన కాయను చూసి వ్యాపారి ధర తగ్గిస్తాడు. రైతు తన పొలాన్నో, విత్తనాన్నో, తెగులునో నిందించుకుంటాడు. జూన్‌లో నాలుగు రోజులు కంప్రెసర్ ఆగిన సంగతి అతనికి తెలియదు. నష్టం జరిగిన చోటు ఒకటి, నష్టపోయిన మనిషి మరొకరు కావడమే ఈ సమస్య ఇన్నాళ్లుగా చర్చకు రాకపోవడానికి ప్రధాన కారణం.

యజమానుల వాదన

గిడ్డంగి యజమానుల వైపు కూడా న్యాయమైన మాటలు ఉన్నాయి. సీజన్ మధ్యలో యంత్రాన్ని ఆపి విప్పడం సాధ్యం కాదన్నది మొదటిది. శిక్షణ పొందిన ఆపరేటర్లు దొరకరని, దొరికినా నిలవరని రెండవది. పోటీ వల్ల అద్దె పెంచలేని స్థితిలో సంరక్షణ వ్యయం భరించడం కష్టమని మూడవది.

మొదటి దానికి మిర్చి పంట కాలమే సమాధానం ఇస్తోంది. డిసెంబరు, జనవరి నాటికి గదులు చాలావరకు ఖాళీ అవుతాయి. కొత్త సరుకు ఫిబ్రవరిలో గాని ఊపందుకోదు. వాల్వు పలకలు, పిస్టన్ రింగులు, బేరింగులు, షాఫ్ట్ సీలు తనిఖీకి, కండెన్సర్ శుభ్రతకు, పీడన మాపకాలు, సేఫ్టీ వాల్వుల పరీక్షకు ఈ వ్యవధి చాలు. అదనంగా ఒక కంప్రెసర్‌ను సిద్ధంగా ఉంచుకొని, రెంటినీ వంతులవారీగా నడిపే గిడ్డంగికి సీజన్ మధ్యలో కూడా వీలు దొరుకుతుంది. రెండవ వాదనలో సత్యం ఉంది. అయితే కోట్ల రూపాయల సరుకును, ప్రాణాంతకమైన వాయువును ఒక మనిషికి అప్పగించి, అతనికి కాపలాదారు జీతమే ఇస్తే అతను నిలవాలని ఆశించడం సమంజసం కాదు. మూడవ వాదనకు విద్యుత్ బిల్లు సమాధానం చెబుతుంది. శుభ్రమైన కండెన్సర్, మంచు లేని గొట్టాలు, సరైన నూనె వల్ల ఆదా అయ్యే విద్యుత్తే సంరక్షణ వ్యయంలో పెద్ద భాగాన్ని భరిస్తుంది.

‘చెడిపోయినప్పుడు మార్చుకుంటాం’ అన్న ధోరణి అన్నింటికంటే ఖరీదైనది. విరిగిన వాల్వు పలకను మార్చి, అది విరగడానికి కారణమైన ద్రవాన్ని అలాగే వదిలితే కొత్త పలకకు కూడా అదే గతి. కాలిన మోటారును చుట్టించి, ఫేజుల తేడాను సరిచేయకపోతే అది మళ్లీ కాలుతుంది. విరిగిన ప్రతి భాగం వెనుక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తెలుసుకోకుండా జరిపిన మరమ్మతు తర్వాతి వైఫల్యాన్ని కొద్దిగా వాయిదా వేస్తుంది, అంతే.

చేయవలసినవి

నిత్యావసర వస్తువుల చట్టం కింద అమలులో ఉన్న 1980 నాటి శీతల గిడ్డంగుల ఉత్తర్వును కేంద్ర ప్రభుత్వం 1997లో రద్దు చేసింది. అనుమతుల జాప్యం తొలగి ప్రైవేటు పెట్టుబడులకు దారి సుగమమైంది. సమీకృత ఉద్యాన అభివృద్ధి పథకం కింద మైదాన ప్రాంతాల్లో నిర్మాణ వ్యయంలో 35 శాతం వరకు రుణంతో ముడిపడిన రాయితీ లభిస్తోంది. జాతీయ ఉద్యాన మండలి సాంకేతిక ప్రమాణాలను రూపొందించింది. ఇవన్నీ గిడ్డంగి ఎలా కట్టాలో చెబుతాయి, కట్టడానికి సాయపడతాయి. కట్టిన పదేళ్ల తర్వాత యంత్రం ఎలా నడుస్తోందో చూడడానికి ఇంత శ్రద్ధ కనిపించదు. ప్రజాధనంతో నిర్మితమైన గిడ్డంగిపై ప్రజలకు కొంత అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కును నాలుగు రూపాలలో వినియోగించుకోవచ్చు.

మొదటిది యంత్ర దినచర్య పుస్తకం. రెండు గంటలకొకసారి చూషణ పీడనం, నిర్గమ పీడనం, నూనె పీడనం, నిర్గమ ఉష్ణోగ్రత, మూడు ఫేజుల ఓల్టేజీ, కరెంటు, గది ఉష్ణోగ్రత నమోదు కావాలి. ఒక్కో అంకె కంటే అంకెల నడక ముఖ్యం. వాతావరణంలో మార్పు లేకున్నా ఆరు వారాల్లో నిర్గమ పీడనం మెల్లమెల్లగా పైకి పాకుతుంటే కండెన్సర్ మురికి పడుతోందని యంత్రం ముందుగానే చెబుతున్నట్లు. ఈ పుస్తకాలు చాలాచోట్ల ఇప్పటికే ఉన్నాయి. అయితే వారం రోజుల గడులు ఒకే సిరాతో, ఒకే అంకెలతో నిండి ఉండడం కూడా కనిపిస్తుంది. అటువంటి పుస్తకం లేకపోవడమే మేలు, ఎందుకంటే అది లేని భరోసాను ఇస్తుంది. రాయితీ పొందిన గిడ్డంగులలో ఉష్ణోగ్రత, పీడనాలను తనంతట తానే నమోదు చేసే పరికరాన్ని తప్పనిసరి చేయడం దీనికి పరిష్కారం.

రెండవది ఆపరేటర్ శిక్షణ, గుర్తింపు. విశ్వవిద్యాలయాల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలకు, పాలిటెక్నిక్‌లకు ఈ బాధ్యత సహజంగా చెందుతుంది. పని చేస్తున్న ఆపరేటర్లకు ఖాళీ సీజన్‌లో స్వల్పకాలిక ప్రయోగాత్మక శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం అందించవచ్చు. ధ్రువపత్రం ఉన్న మనిషికి జీతం పెరుగుతుంది, జీతం పెరిగితే నిలుస్తాడు.

మూడవది గిడ్డంగి ద్వారం వద్ద తేమ పరీక్ష. తేమ మాపకంతో ప్రతి లాటును చూసి, పరిమితి దాటిన సరుకును ఆరబెట్టిన తర్వాతే లోపలికి అనుమతించాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు రైతులకు ఎండబెట్టడం గురించి చెప్పేటప్పుడు బూజుతో పాటు యంత్రం మాట కూడా చెప్పాలి. ఒక రైతు తడి సరుకు వల్ల మంచు పట్టిన గొట్టాలు అదే గదిలో సరుకు పెట్టిన వంద మంది రైతులకు నష్టం చేస్తాయి.

నాలుగవది సమాచారం. 2007 గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం రసీదుకు విలువైన పత్రంగా హోదా కల్పించింది. యంత్ర వైఫల్యం వల్ల నిల్వ సరుకు చెడిపోవడానికి బీమా సదుపాయమూ ఉంది. వీటిని ఆధారం చేసుకొని, ప్రతి నెల గది ఉష్ణోగ్రత సారాంశాన్ని, యంత్రం ఆగిన గంటలను రైతు ఫోనుకు పంపడం నేడు కష్టమైన పని కాదు. బాండు చేతిలో ఉన్న రైతు ‘మా గది ఉష్ణోగ్రత పుస్తకం చూపండి’ అని అడగడం ఒక అలవాటుగా మారిన రోజున తనిఖీ అధికారి అవసరం సగం తగ్గుతుంది.

ముగింపు

మిర్చి నారు పోసిన నాటి నుంచి కాయ ఎండే వరకు రైతు ఏడెనిమిది నెలలు శ్రమిస్తాడు. దాదాపు అంతే కాలం ఆ పంట గిడ్డంగిలో ఉంటుంది. మొదటి సగానికి శాస్త్రం, విస్తరణ, సలహా, హెచ్చరిక అన్నీ ఉన్నాయి. రెండవ సగం ఒక యంత్రానికి, దానిని నడిపే ఒక మనిషికి వదిలివేయబడింది. ఈ డిసెంబరులో గదులు ఖాళీ అయినప్పుడు గిడ్డంగి యజమానులు కంప్రెసర్ తల విప్పి వాల్వు పలకలను వెలుతురులో చూడాలి. అదే సమయంలో విశ్వవిద్యాలయాలు తమ కోత అనంతర పాఠ్యాంశాలను తెరిచి, అందులో కంప్రెసర్‌కు ఎన్ని పుటలు కేటాయించామో చూసుకోవాలి. ఫిబ్రవరిలో మొదటి టిక్కీ గడప దాటేలోగా ఈ రెండు పనులూ పూర్తి చేయడానికి వ్యవధి ఉంది.